నకలు చించే మందు చెరువు గట్టు దాకా రావాలంటే

ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ, పశుసంవర్ధక, మత్స్య శాఖల మంత్రి గారికి,



భీమవరం దగ్గర ఒక ఊళ్లో 2008 నుంచి రొయ్యల ల్యాబ్ నడుపుతున్నాను. హేచరీల నుంచి వచ్చే సీడ్‌కీ, చెరువులో పెరుగుతున్న రొయ్యకీ పీసీఆర్ పరీక్షలు చేస్తాం. పోయిన వేసవి పంటలో ఒకరోజు తెల్లవారకముందే ఒక పెద్దాయన వచ్చి బల్ల మీద రెండు కవర్లు పెట్టారు. ఒకదాంట్లో నాలుగు రొయ్యలు. మేతకి రావడం మానేసి గట్టు పక్కన తిరుగుతుంటే వలతో పట్టానన్నారు. తల మీది డొప్ప ఊడదీసి దీపం ముందు పెడితే తెల్లటి చుక్కలు స్పష్టంగా కనిపించాయి. రెండో కవర్లో సగం ఖాళీ అయిన రేకు ప్యాకెట్ ఉంది. దాని మీద ‘ఆర్‌ఎన్‌ఏ టెక్నాలజీ – వైరస్‌కి శాశ్వత పరిష్కారం’ అని రాసుంది. తయారు చేసినవాళ్ల చిరునామా లేదు. లోపల ఏముందో, ఏ వైరస్‌కో, కిలో మేతకి ఎంత కలపాలో లేదు.

“మొదట్నించీ మేతలో కలుపుతూనే ఉన్నానమ్మాయ్. మరి ఎందుకొచ్చినట్టు?” అని అడిగారాయన.

నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ పొడిలో నిజంగా ఆర్‌ఎన్‌ఏ ఉందో లేదో తేల్చే ఏర్పాటు నా ల్యాబ్‌లో లేదు. రొయ్యకి తెల్లమచ్చ వైరస్ పాజిటివ్ అని మాత్రం కాగితం రాసిచ్చాను. వంద కౌంట్‌కి, అంటే కిలోకి వంద తూగే సైజుకి కూడా రాని రొయ్యని ఆయన ఆ రోజే పట్టుబడి చేసుకున్నారు.

ఈ ఉత్తరం ఆ ప్యాకెట్ గురించే అయితే మీ దాకా రానక్కర్లేదు, డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కి ఫిర్యాదు ఇస్తే సరిపోయేది. ప్యాకెట్ మీది మాట మోసం కావచ్చు, దాని వెనకున్న శాస్త్రం మాత్రం మోసం కాదు. నాకు నిద్ర పట్టనివ్వనిది ఇదే. రొయ్య ఒంట్లో వైరస్‌ని ఆపగల ఒక పద్ధతి ఉందని ఇరవై ఏళ్ల కిందటే తేలింది. ఆ పద్ధతి ప్రయోగశాలల్లోనే ఆగిపోయింది. దాని పేరు మాత్రం మా సెంటర్లో మందుల షాపు దాకా నడిచొచ్చింది.

ఆ పద్ధతి పేరు ఆర్‌ఎన్‌ఏ ఇంటర్‌ఫియరెన్స్. నా దగ్గరికొచ్చే రైతులకి చెప్పే తీరులోనే మీకూ చెబుతాను. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అసలు దస్తావేజు బీరువా దాటి బయటికి రాదు. ఎవరికి కావాలన్నా నకలే ఇస్తారు. జీవకణంలో డీఎన్‌ఏ ఆ దస్తావేజు, ఆర్‌ఎన్‌ఏ నకలు. నకలు చదివి కణం ప్రోటీన్లు తయారు చేస్తుంది. వైరస్ చేసేదల్లా ఆ ఆఫీసులోకి జొరబడి, అక్కడి గుమాస్తాల చేతే తన కాగితానికి వేలకొద్దీ నకళ్లు రాయించుకోవడం. ఆ నకళ్లు చేతికి అందకముందే చించేస్తే వైరస్ పెరగదు.

చించే పనివాళ్లు కణంలోనే ఉన్నారు. 1990లో అమెరికాలో కొందరు పెటూనియా పువ్వుకి ఊదారంగు ముదరాలని ఆ రంగు జన్యువునే ఇంకోసారి చేరిస్తే, రంగు ముదరడానికి బదులు తెల్లపువ్వులు పూశాయి. కారణం చాలాకాలం అంతుపట్టలేదు. 1998లో ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెల్లో అనే ఇద్దరు మిల్లీమీటరు పొడవుండే నులిపురుగులో దాన్ని విడదీసి చూపించారు. ఆర్‌ఎన్‌ఏ మామూలుగా ఒంటి పోగుగా ఉంటుంది. జంట పోగు ఆర్‌ఎన్‌ఏ కనిపిస్తే కణం దాన్ని పరాయిదిగా లెక్కగడుతుంది. డైసర్ అనే ఎంజైము దాన్ని 21 అక్షరాల ముక్కలుగా కోస్తుంది. ఆర్గొనాట్ అనే ప్రోటీన్ ఒక్కో ముక్కలోంచి ఒక పోగుని మచ్చుగా పట్టుకుని, దానికి అతికే నకలు ఎక్కడ దొరికితే అక్కడ తెంపేస్తుంది. ఫైర్, మెల్లోలకి 2006లో నోబెల్ వచ్చింది. మొక్కలూ పురుగులూ రొయ్యలూ కోట్ల ఏళ్లుగా వైరస్‌ల మీద వాడుతున్న ఆయుధం ఇదే. మచ్చు మనం అందిస్తే ఆ పనివాళ్లు మనం కోరిన నకలునే చింపుతారు. వైద్యం మొత్తం ఈ ఒక్క వాక్యం మీద నిలబడింది.

మనుషుల సంగతి ముందు చెబుతాను. మీ శాఖ కాదని తెలుసు. కానీ రొయ్యల చెరువులో మనం ఏ తప్పు చేయకూడదో అక్కడి కథే నేర్పుతుంది. పైగా నా సొంత కారణం ఒకటుంది. మా తమ్ముడికి హెపటైటిస్ బి. పన్నెండేళ్ల కిందట రక్తదాన శిబిరంలో బయటపడింది. అప్పటి నుంచీ రోజుకో టెనోఫోవిర్ మాత్ర.

పాలిచ్చే జంతువుల ఒంట్లో పొడవాటి జంట పోగు ఎక్కిస్తే ఇంటర్‌ఫెరాన్ అలారం మోగి కణం పనులన్నీ ఆపేసుకుంటుంది. 2001లో థామస్ టుష్ల్ బృందం 21 అక్షరాల చిన్న ముక్కలైతే ఆ అలారం మోగకుండా పని జరుగుతుందని చూపించింది. అక్కడి నుంచి మనిషికి మందు తయారవుతుందన్న ఆశ మొదలైంది. ముక్క తయారు చేయడం కష్టం కాదు. వైరస్ అక్షరాలు తెలిస్తే చాలు, కంప్యూటర్ ముందు కూర్చుని రాసుకోవచ్చు. దాన్ని కావలసిన కణంలోకి చేర్చడమే కష్టం. రక్తంలో పడితే ఎంజైములు నిమిషాల్లో తినేస్తాయి. మిగిలింది మూత్రంలో పోతుంది.

ఆ కష్టం ఎలాంటిదో ఒక ఉదాహరణ చెబుతాను. 2003లో కరీంనగర్, వరంగల్ వైపు పిల్లలకి వచ్చిన మెదడువాపు మీకు గుర్తుండే ఉంటుంది. సాయంత్రం జ్వరం, తెల్లారేసరికి ఫిట్స్, ఆ మర్నాటికి ప్రాణం పోయేది. ఆ ఏడాది ఉమ్మడి రాష్ట్రంలో 329 మంది పిల్లలకి వస్తే 183 మంది చనిపోయారు. ఇసుక ఈగలు మోసే చండీపురా వైరస్‌దే ఆ పనని పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ తేల్చింది. 2010లో ఆ సంస్థవాళ్లే, చండీపురా వైరస్‌లోని ఒక జన్యువు నకలుని చించే ఆర్‌ఎన్‌ఏ ముక్కలిచ్చి చావాల్సిన ఎలుకల్ని బతికించారు. ఆ వార్త చదివి నేను ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. తర్వాత పద్ధతి చదివితే గుండె దిగిపోయింది. మందుని సూదితో నేరుగా మెదడులోకి ఎక్కించారు. జ్వరంతో కొట్టుకుంటున్న ఐదేళ్ల బిడ్డకి మండల ఆసుపత్రిలో ఎవరు చేయగలరు ఆ పని?

మెదడులోకి దారి ఇంకొకరు వెతికారు. ప్రీతి కుమార్, మంజునాథ్ స్వామి, ప్రేమలత శంకర్ ఉన్న బృందం 2007లో కుక్కకాటు వైరస్ నుంచే తాళంచెవి తీసుకుంది. రేబిస్ వైరస్‌కి నరాల కణాలు తెరిచే గుణం ఉంది కదా. దాని పైపొరలోంచి 29 అమైనో ఆమ్లాల తునకని తెచ్చి ఆర్‌ఎన్‌ఏ ముక్కలకి అతికించి, ఎలుక తోకలోని నరంలో ఎక్కిస్తే అవి మెదడు దాకా వెళ్లాయి. జపనీస్ మెదడువాపు సోకిన ఎలుకల్లో ఎక్కువభాగం బతికాయి. అంత అందమైన ఆలోచన నేను ఈ రంగంలో ఇంకొకటి చూడలేదు. అదింకా మనిషి దాకా రాలేదు.

ఎబోలా కథ మాత్రం మనిషి దాకా వచ్చింది. 2010లో కోతుల మీద పరీక్ష జరిగింది. చిన్న కొవ్వు బిందువుల్లో చుట్టిన ముక్కలు ఏడుసార్లు ఇస్తే నాలుగుకి నాలుగూ బతికాయి. 2014లో పశ్చిమ ఆఫ్రికాలో ఎబోలా విరుచుకుపడినప్పుడు అక్కడి రకానికి సరిపోయేలా అక్షరాలు సరిచేసి కొద్ది వారాల్లో కొత్త మందు తయారు చేశారు. కోతుల్లో రోగం పట్టిన మూడో రోజున మొదలుపెట్టినా బతికాయి. 2015లో సియెరా లియోన్‌లోని పోర్ట్ లోకోలో మనుషులకి ఇచ్చారు. మందు పుచ్చుకున్న 14 మందిలో ముగ్గురే మిగిలారు. పరీక్ష ఆపేశారు. చేరేసరికే వాళ్ల రక్తంలో వైరస్ హద్దు మీరి ఉంది. ఇది నాకు ఓటమి కథలా అనిపించదు. పని చేయలేదన్న మాటని కూడా వాళ్లు అంకెలతో సహా లోకానికి చెప్పారు. ఆలస్యంగా ఇస్తే నకళ్లు చించే వేగం నకళ్లు పుట్టే వేగాన్ని అందుకోలేదన్నది నాకు అర్థమైన పాఠం.

ఇక కాలేయం. 2018 ఆగస్టులో అమెరికా ఎఫ్‌డీఏ ఈ తరగతి మందు మొదటిసారి ఒప్పుకుంది. పేరు పాటిసిరాన్, వంశపారంపర్యంగా వచ్చే ఒక నరాల జబ్బుకి. కంపెనీ పెట్టిన ధర ఏడాదికి 4,50,000 డాలర్లు. తర్వాత ఇంకొన్ని వచ్చాయి. ఎఫ్‌డీఏ ఆమోదం పొందినవాటిలో వైరస్ మీద పనిచేసేది ఒక్కటీ లేదు, అన్నీ కాలేయంలోనే పనిచేస్తాయి. కాలేయ కణాల మీద ఒక రకం చక్కెరని పట్టుకునే కొక్కేలుంటాయి. మందుకి ఆ చక్కెర తగిలిస్తే చర్మం కింద ఇచ్చిన సూది సూటిగా కాలేయానికి పోతుంది. అంటే దారి దొరికిన ఒక్క అవయవం అదే. హెపటైటిస్ బి వైరస్ ఉండేదీ అక్కడే. అందుకే మా తమ్ముడు ఆశ పెట్టుకున్నాడు. మన దేశంలో వాడిలాంటివాళ్లు దాదాపు 3 కోట్ల మంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 లెక్క.

వాడికి నేను చెప్పిన సంగతే మీకూ చెబుతాను. జాల్నెసిరాన్ అనే మందు పరీక్ష ఫలితాలు 2024 డిసెంబరులో వచ్చాయి. మామూలు మాత్రలతో పాటు అది ఒక్కటే ఇచ్చినవాళ్లలో రక్తంలోంచి హెచ్‌బీఎస్‌ఏజీ అనే వైరస్ ప్రోటీన్ పోయింది 3 నుంచి 7 శాతం మందికే. ఇంటర్‌ఫెరాన్ కూడా కలిపితే 23 శాతం మందికి పోయింది. నకళ్లు చించినా అసలు దస్తావేజు కేంద్రకంలో భద్రంగా ఉండటమే దీనికి కారణం. ఇంకో చిక్కు చింపాంజీల్లో బయటపడింది. ఆ వైరస్ దస్తావేజు ముక్కలు కొన్ని కణం సొంత దస్తావేజులోనే కుట్టుకుపోతాయి, అక్కడి నుంచీ నకళ్లు వస్తుంటాయి. మా తమ్ముడు అంతా విని, “అయితే మాత్ర మానకూడదన్నమాట” అన్నాడు. అవును, మానకూడదు. కానీ నూటికి ఇరవైమూడు మంది అన్నది ఇంతకుముందు లేని అంకె.

ఇప్పుడు మా చెరువుకి వస్తాను.

1994లో తెల్లమచ్చ తూర్పు తీరానికి వచ్చినప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను. మా నాన్న రెండెకరాల వరిచేను తవ్వించి టైగర్ రొయ్య వేశారు. ఒక ఆదివారం చెరువంతా ఎర్రబడిన రొయ్యలు తేలాయి. వాసన వారం రోజులు ఊరిని వదల్లేదు. ఈ వైరస్ పట్టిన చెరువు మూడు నుంచి పది రోజుల్లో పూర్తిగా ఖాళీ కావచ్చు. 2009లో వెనామీ రకం రొయ్యకి అనుమతి వచ్చాక హేచరీల సీడ్ మెరుగైంది, పీసీఆర్ పరీక్షలు పెరిగాయి, గట్ల చుట్టూ పీతలు రాకుండా కంచెలొచ్చాయి, పైన పక్షుల తాళ్లొచ్చాయి. వైరస్ మాత్రం పోలేదు. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి పెంచినప్పుడు ధర గురించి అన్ని వేదికల మీదా మాట్లాడారు, మంచిదే. రోగంతో పోయే రొయ్య గురించి అంతగా మాట్లాడిన వేదిక నేను చూడలేదు.

రొయ్యకి మనలా యాంటీబాడీలు లేవు. కోడికి రాణిఖేత్ టీకా వేసినట్టు దీనికి టీకా వేయలేం. ఉన్న ఆయుధాల్లో నకలు చించే ఆయుధమే గట్టిది. పైగా మనిషికి ఉన్న చిక్కు రొయ్యకి లేదు. పొడవాటి జంట పోగు ఇచ్చినా తట్టుకుంటుంది. అంటే 21 అక్షరాల ముక్కల్ని ఖరీదైన యంత్రాల మీద అల్లక్కర్లేదు, బ్యాక్టీరియా చేత పెద్ద ఎత్తున తయారు చేయించవచ్చు. కోయడం రొయ్యే చూసుకుంటుంది.

2004లో అమెరికాలోని సౌత్ కరోలినా వైద్య విశ్వవిద్యాలయంలో జేవియర్ రోబలీనో బృందం ఈ పని వెనామీ మీద చేసింది. అందులో ఒక వింత ఉంది. రొయ్యకీ వైరస్‌కీ ఏ సంబంధమూ లేని బాతు జన్యువు నుంచి చేసిన జంట పోగు ఎక్కించినా కొన్ని రొయ్యలు తట్టుకున్నాయి. జంట పోగు ఏదైనా సరే రొయ్య కాస్త అప్రమత్తమవుతుందన్నమాట. వైరస్ అక్షరాలతోనే చేసినది ఇస్తే రక్షణ ఇంకా గట్టిగా ఉందని మరుసటి ఏడాది చూపించారు. ఈ బాతు సంగతి మళ్లీ చెబుతాను, గుర్తుంచుకోండి. థాయిలాండ్‌లో మహిదాల్ విశ్వవిద్యాలయంవాళ్లు ఎల్లోహెడ్ అనే ఇంకో రొయ్యల వైరస్ మీద పనిచేశారు. వైరస్ నకలు బదులు రొయ్యదే అయిన రాబ్7 అనే జన్యువుని కొంతకాలం నోరు మూయిస్తే వైరస్‌లకి లోపలికి దారి దొరకదని కూడా చూశారు. ఒకే దెబ్బకి రెండు వైరస్‌లు ఆగుతాయి. కాకపోతే అది రొయ్యకి అవసరమైన జన్యువు, ఎదుగుదల మీద ఏం ప్రభావమో కౌంట్ తూచి చూడాలి.

మన పక్కనే వేలూరు దగ్గర మేల్విశారంలో ఒక కళాశాల ఉంది. అక్కడ సాహుల్ హమీద్ బృందం 2008లో ఒక ఫలితం ప్రకటించింది. నేను ల్యాబ్ తెరిచింది కూడా ఆ ఏడాదే కాబట్టి ఆ వ్యాసం ప్రింటు తీసి దాచుకున్నాను. తెల్లమచ్చ వైరస్ పైపొరలోని వీపీ28 ప్రోటీన్‌కి సరిపోయే జంట పోగుని బ్యాక్టీరియాలో తయారు చేయించి, ఆ బ్యాక్టీరియాని చంపి, మేత గుళికలకి పట్టించి టైగర్ రొయ్యకి తినిపించారు. సూది లేదు. ఎకరానికి లక్ష పిల్ల వేసే చోట సూది గురించి మాట్లాడటంలో అర్థం లేదు కదా. తిన్న రొయ్యల్లో చాలా భాగం వైరస్‌ని తట్టుకున్నాయి. ముంబైలోని కేంద్ర మత్స్య విద్యా సంస్థలోనూ ఈ పరిశోధన జరిగింది. ఆ సంస్థ కేంద్రం ఒకటి మన కాకినాడలోనే ఉంది.

మరి ఇన్నేళ్లలో మా చెరువుకి ఎందుకు రాలేదు? నాకు తెలిసిన కారణాలు చెబుతాను. ల్యాబ్ తొట్టిలో ఇరవై రొయ్యలుంటాయి, నీళ్లు శుభ్రం. మా చెరువులో బురద, నాచు, ప్రోబయోటిక్కులు, బోదె నీళ్లు, వాటినిండా ఆర్‌ఎన్‌ఏని తినే ఎంజైములు. మేతకి పట్టించింది నోటి దాకా చేరేలోపు ఎంత మిగులుతుందో నాకు తెలిసి ఎవరూ కొలవలేదు. రెండోది ఇంకా ముఖ్యం. తెల్లమచ్చ పట్టిన రొయ్య మొదట మానేసేది మేతే. చెక్ ట్రేలో మేత మిగిలిపోయిందంటే అప్పటికే ఆలస్యమైపోయింది. కాబట్టి రోగం వచ్చాక మేతలో కలిపి నయం చేద్దామంటే పోర్ట్ లోకో కథే మళ్లీ జరుగుతుంది. ముందు నుంచీ పెట్టాలి. రక్షణ కొద్ది వారాలే ఉంటుంది గనక మళ్లీ మళ్లీ పెట్టాలి. అప్పుడు ఖర్చు గిట్టుతుందా అన్నది చెరువులో పెట్టి చూస్తే తప్ప తెలియదు.

మూడోది ఎక్కువమంది పట్టించుకోనిది. ప్రయోగశాలల్లో జంట పోగు తయారీకి వాడే హెచ్‌టీ115 అనే బ్యాక్టీరియా టెట్రాసైక్లిన్‌కి లొంగదు. దాంట్లో పెట్టే ప్లాస్మిడ్‌కి సాధారణంగా ఆంపిసిలిన్‌ని తట్టుకునే జన్యువుంటుంది. బ్యాక్టీరియాని చంపినా ఆ జన్యువుల డీఎన్‌ఏ మేతతో పాటు చెరువులోకి పోతుంది. యాంటీబయాటిక్ ఆనవాళ్లున్నాయని విదేశాల్లో కంటైనర్లు వెనక్కి పంపితే మనం ఎంత నష్టపోయామో మీకు తెలుసు. శుద్ధి చేసిన జంట పోగైనా వాడాలి, ఆ జన్యువుల్లేని బ్యాక్టీరియా అయినా వాడాలి. ల్యాబ్‌లో సరిపోయింది కదా అని అదే చెరువులో పోస్తే మనవలకి జవాబు చెప్పుకోవలసి వస్తుంది.

బయటి ప్రపంచంలో పొలం దాకా వెళ్లినవాళ్లు లేకపోలేదు. అమెరికాలో తేనెటీగల్ని చంపే ఒక పక్షవాత వైరస్ మీద, పంచదార పాకంలో జంట పోగు కలిపి ఫ్లోరిడా, పెన్సిల్వేనియాల్లో 160 తేనెపెట్టెల మీద పరీక్షించి 2010లో ప్రకటించారు. తాగిన పెట్టెల్లో ఈగలూ ఎక్కువ మిగిలాయి, తేనే ఎక్కువ వచ్చింది. బంగాళాదుంపని తినే పెంకుపురుగు మీద చల్లే జంట పోగు మందుకి 2023 డిసెంబరులో అమెరికా అనుమతి ఇచ్చింది. అది వైరస్ మందు కాదు, అయినా టన్నుల లెక్కన తయారు చేసి పొలంలో చల్లగలమని అది చూపిస్తోంది. పశువుల గాలికుంటు మీద కూడా ఎలుకపిల్లల్లో మంచి ఫలితాలున్నాయి. కానీ దానికి టీకా ఉంది, ఆ డబ్బు టీకాలకీ గ్రామాల్లో వెటర్నరీ సిబ్బందికీ పెట్టండి. టీకా సాధ్యం కానిది రొయ్యకే. అందుకే రొయ్యతోనే మొదలుపెట్టమంటున్నాను.

మీ చేతిలో అన్నీ ఉన్నాయి. రాష్ట్ర ఆక్వాకల్చర్ అభివృద్ధి సంస్థ ఉంది, మేతల నాణ్యతకి 2020లో చేసిన చట్టం ఉంది, నరసాపురంలో మత్స్య విశ్వవిద్యాలయం ఉంది, ముత్తుకూరులో మత్స్య కళాశాల ఉంది, కాకినాడలో కేంద్ర మత్స్య విద్యా సంస్థ శాఖ ఉంది, చెన్నైలో ఉప్పునీటి ఆక్వాకల్చర్ పరిశోధన సంస్థ సిబా ఉంది. వీళ్లందరినీ ఒక చోట కూర్చోబెట్టి రైతుల చెరువుల్లో ఒక బహిరంగ పరీక్ష పెట్టించండి. గోదావరి జిల్లాల్లో కొన్ని చెరువులు, నెల్లూరులో కొన్ని. ఒక వేసవి పంట, ఒక శీతాకాలం పంట, ఎందుకంటే చల్లని నెలల్లో తెల్లమచ్చ తీరే వేరు. మూడోవంతు చెరువులకి మామూలు మేత, మూడోవంతుకి వైరస్ అక్షరాలతో చేసిన జంట పోగు కలిపిన మేత, మిగతావాటికి బాతు జన్యువుతో చేసినది కలిపిన మేత పెట్టాలి. బాతుది లేకపోతే రొయ్య బతికింది మచ్చు వల్లనా, ఉత్త అప్రమత్తత వల్లనా అన్నది తేలదు. ఏ చెరువుకి ఏ మేత వెళ్తోందో రైతుకీ తెలియకూడదు, పరీక్షించే మాలాంటివాళ్లకీ తెలియకూడదు. చెరువు పోతే రైతుకి నష్టం సర్కారు భరించాలి. లీజు కట్టి అప్పు తెచ్చి పంట వేసినవాళ్ల మీద ఉచితంగా ప్రయోగం చేయడం న్యాయం కాదు.

ఫలితం ఏదైనా తెలుగులో అచ్చు వేసి ప్రతి మత్స్యశాఖ ఆఫీసు గోడకీ అంటించాలి. పని చేయలేదని తేలితే అదే పెద్ద అక్షరాలతో రాయాలి. సియెరా లియోన్‌లో ప్రాణాల మధ్య నిలబడి వాళ్లు చెప్పగలిగారు, చెరువు గట్టు మీద మనం చెప్పలేమా?

ఆ పరీక్ష తేలేదాకా ఇంకో పని ఉంది, దీనికి డబ్బు కూడా పెద్దగా అక్కర్లేదు. ‘ఆర్‌ఎన్‌ఏ’ అన్న మాట ఉన్న ప్రతి ప్యాకెట్ మీదా ఏ వైరస్ ఏ జన్యువుకి చేశారో, ప్యాకెట్‌కి ఎన్ని మిల్లీగ్రాములుందో, ఏ బ్యాక్టీరియాలో తయారైందో, ఏ బ్యాచ్‌దో రాసి తీరాలని ఉత్తర్వు ఇవ్వండి. ఆ రాతని సరిచూసే ల్యాబ్ ఒకటి ప్రభుత్వానిది ఉండాలి, నాలాంటి చిన్న ల్యాబులు అక్కడికి నమూనాలు పంపుకునే వీలుండాలి. ఈహెచ్‌పీ, తెల్ల పేగు లాంటి వేరే రొయ్యల రోగాలకి కూడా ఇదే మందని చెప్పి అమ్మేవాళ్లని వెంటనే ఆపించండి. ఈహెచ్‌పీ అసలు వైరస్సే కాదు. తెల్లమచ్చ మచ్చు పట్టుకుని వెతికే ఆర్గొనాట్‌కి అక్కడ దొరికేదేమీ ఉండదు. ఇవి చెప్పే మనిషి లేకే రైతు అన్నీ కలిపి పోస్తున్నాడు, కిలోకి పదిరూపాయలు మిగిలే పంటలో ఐదు ఆ మందులకే పెడుతున్నాడు.

మీరు నిపుణుల్ని అడిగితే కొందరు ఇది ఇంకా పదేళ్ల మాట అనవచ్చు. 2008లో నాకూ ఎవరో అదే చెప్పారు. పదేళ్లూ గడిచాయి, ఆ పైన ఇంకా గడిచాయి. మధ్యలో ఎవరూ ఒక్క చెరువు మీద కూడా మాలాంటివాళ్ల కళ్లముందు పెట్టి చూడలేదు.

ఆ పెద్దాయన చెరువు ఎండగట్టి, బ్లీచింగ్ చల్లి, మళ్లీ సీడ్‌కి అడ్వాన్స్ ఇచ్చారు. పోయిన వారం ఫోన్ చేసి, “ఈసారి ఏం కలపమంటావమ్మాయ్?” అని అడిగారు. సీడ్‌ని నా దగ్గర రెండుసార్లు పరీక్ష చేయించమనీ, పీతల కంచె బాగుచేయించమనీ చెప్పాను. ఆ రేకు ప్యాకెట్‌లో మిగిలిన పొడి నా డీప్ ఫ్రీజర్లో మైనస్ 20 దగ్గర ఉంది, తేదీ రాసి సీలు వేసి పెట్టాను. మీ శాఖ నుంచి ఎవరొచ్చి అడిగినా ఇస్తాను.

ఇట్లు,
భీమవరం ప్రాంతం నుంచి ఒక రొయ్యల ల్యాబ్ నిర్వాహకురాలు